అమీనా మా మగ్గం మీద చీటీ అంటించిన తరువాత

మా నాన్న మీద కోర్టు డిక్రీ ఒకటి, అంటే బాకీ కట్టాలన్న తీర్పు, ఉందని మాకు తెలిసింది, దాన్ని అమలు చేయడానికి మనుషులు ఇంటికి వచ్చిన రోజునే. 2023 ఆగస్టు. నాన్న మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నారు. అమ్మ కండెలు చుడుతోంది. నేను విజయవాడలో ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాసే పని చేస్తాను, సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. సాయంత్రం వేళ ట్రాలీ ఆటో ఒకటి వాకిట్లో ఆగింది. అందులోంచి కోర్టు అమీనా (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి), ఇద్దరు కూలీలు, వాళ్ల వెనుక మాకు అప్పు ఇచ్చిన షావుకారు కొడుకు దిగారు.

"సామాను జప్తుకు వచ్చాం. వారంటు ఉంది" అన్నారు అమీనా.

నాన్న నాడె చేతిలో పట్టుకునే లేచి నిలబడ్డారు. ఆయన ముఖం చూసిన నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. నోటీసు రాలేదు, కబురు లేదు, నేరుగా ఆటో వచ్చింది. డిక్రీ వచ్చి రెండేళ్లు దాటకపోతే అమలు పిటిషన్ గురించి అప్పుదారుకు ముందుగా నోటీసు ఇవ్వాల్సిన పని లేదని ఆ తరువాత తెలిసింది. చట్టమే అలా ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. చాలా ఇళ్లకు మొదటి కబురు ఆటో రూపంలోనే వస్తుంది.

అప్పు సంగతి చెప్పాలి. 2018 ఆగస్టులో అమ్మకు ఆపరేషన్ అవసరమై నాన్న 1,50,000 రూపాయలు తీసుకున్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీ. ప్రాంసరీ నోటు రాసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేశారు. దాంతోపాటు షావుకారు స్టాంపు పేపరు మీద మరొక కాగితం రాయించుకున్నారు. బాకీ తీర్చకపోతే మగ్గంతో సహా ఇంట్లోని సామానంతా జప్తు చేయించుకోవడానికి తనకు అభ్యంతరం లేదని, ఏ చట్టం కింద మినహాయింపులున్నా వాటిని కోరనని నాన్న చేత రాయించారు. ఆపరేషన్ థియేటర్ బయట భార్యను పెట్టుకున్న మనిషి ఏ కాగితం మీదైనా సంతకం చేస్తాడు.

2020 మార్చి వరకు నెలనెలా 3,000 రూపాయల వడ్డీ కట్టాం. కొన్ని నెలలు చేతికిచ్చాం, ఒక ఏడాదిపాటు నా ఫోను నుంచి పంపాను. లాక్‌డౌన్‌లో, నూలు ఇచ్చి మజూరీకి నేయించే మాస్టర్ వీవర్ పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు) ఇవ్వడం ఆపేశారు. మగ్గం ఖాళీగా ఉండిపోయింది. అద్దె కట్టలేక ఆ ఇల్లు ఖాళీ చేసి, పక్క ఊళ్లో అమ్మ పుట్టింటివారి పాత పెంకుటింటికి మారాం. దావా 2021లో వేశారు. సమన్లు మేము వదిలేసిన ఇంటి తలుపుకు అంటించారు. వాయిదాకు ఎవరూ రాలేదు కాబట్టి 2022 ఆగస్టులో ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. మేము ఎక్కడున్నామో షావుకారుకు తెలుసు. ఆటో సరిగ్గా ఆ ఇంటికే రావడమే అందుకు సాక్ష్యం.

ఇక ఆ సాయంత్రం. మా పక్కింట్లో రిటైరైన వకీలు గుమాస్తా ఒకరు ఉంటారు. నేను బాబాయి గారూ అని పిలుస్తాను. గొడవ విని ఆయన వచ్చారు. రాగానే గొంతు పెంచకుండా ఒకే ఒక మాట అడిగారు. "అమీనా గారూ, వారంటు ఒకసారి చూపించండి, షెడ్యూలుతో సహా."

ఆ మాట నాకు తట్టి ఉండేది కాదు. వారంటు మీద జడ్జి గారిది గానీ, కోర్టు నియమించిన అధికారిది గానీ సంతకం, కోర్టు ముద్ర ఉండాలి. ఏ తేదీలోపు అమలు చేయాలో రాసి ఉండాలి. వాటితోపాటు షెడ్యూలు ఉంటుంది. డిక్రీదారు, అంటే డిక్రీ పొందిన అప్పు ఇచ్చిన మనిషి, జప్తు చేయమని కోరిన వస్తువుల జాబితా అది. బాబాయి గారు అమీనాను అడిగి ఆ జాబితాను నా ఫోనులో ఫొటో తీయించారు. ఇప్పటికీ నా దగ్గర ఉంది. చేనేత మగ్గం, జకార్డ్ పెట్టెతో సహా 1. నూలు, పడుగు, నేసిన చీరలు. కలర్ టీవీ 1. ఫ్రిజ్ 1. మోపెడ్ 1. ఇనుప బీరువా 1. గ్యాస్ స్టవ్, సిలిండర్లు 2. ఇత్తడి బిందెలు 4. స్టీలు సామాను. మంచాలు, పరుపులు. లాప్‌టాప్ 1. ఎవరో మా ఇంట్లో తిరిగి చూసి రాసిన జాబితా. అమ్మ వంటగదిలోని బిందెలు లెక్కపెట్టి మరీ రాశారు.

"వీటిలో సగం మీరు ముట్టకూడనివే" అన్నారు బాబాయి గారు. "షెడ్యూల్లో ఉన్నవి చూస్తాను, అభ్యంతరం ఉంటే కోర్టులో చెప్పుకోండి" అన్నారు అమీనా. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అమీనా తీర్పు చెప్పే మనిషి కాదు. చేతికిచ్చిన కాగితం ప్రకారం పని చేస్తాడు. షెడ్యూలు రాసింది డిక్రీదారు తరఫువారు. జప్తు కాకూడని వస్తువును అందులో రాసినంత మాత్రాన అది జప్తుకు లోబడిపోదు. కానీ ఆ సంగతి కోర్టు ముందు ఎవరో ఒకరు లేవనెత్తాలి.

సివిల్ కేసులు, డిక్రీల అమలు ఎలా జరగాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నాటిది. అందులో 60వ సెక్షన్ చదివితే ఆశ్చర్యం వేస్తుంది. డబ్బు డిక్రీ కింద ఏవి జప్తు చేయకూడదో అక్కడ ఒక్కొక్కటిగా రాసి ఉంది. అప్పుదారుకు, భార్యకు, పిల్లలకు అవసరమైన బట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు. ఆచారం ప్రకారం ఏ స్త్రీ అయినా ఒంటి మీద నుంచి తీయకూడని ఆభరణాలు, అంటే మంగళసూత్రం వంటివి. చేతివృత్తులవారి పనిముట్లు. రైతు అయితే నాగలి వంటి సేద్యపు పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనాలు. రైతులు, కూలీలు, ఇంటిపనివారు స్వయంగా ఉంటున్న సొంత ఇళ్లు. పింఛను. కూలి డబ్బులు. జీతం ఉన్నవారికైతే మొదటి వెయ్యి రూపాయలు, ఆపైన ఉన్నదానిలో మూడింట రెండు వంతులు వదిలేయాలి. భార్యాపిల్లల మనోవర్తి డిక్రీకి మాత్రం ఈ లెక్క వేరు.

నన్ను కదిలించింది ఆ సెక్షన్‌లో 1976 సవరణతో చేర్చిన చిన్న ముక్క. ఈ మినహాయింపులు నాకు వద్దని ఎవరైనా ఒప్పందం రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదు. ఆపరేషన్ థియేటర్ ముందు నాన్న సంతకం చేసిన స్టాంపు పేపరుకు ఆ ఒక్క వాక్యంతో విలువ లేకుండా పోయింది. ఇలాంటి కాగితాలు ఎలా పుడతాయో తెలిసినవారే ఆ వాక్యం రాసి ఉంటారు.

షావుకారు కొడుకు అమ్మ మెడ వైపు చూపించి ఏదో అనబోయాడు. ఆ మాట పూర్తికాకముందే అమీనా, "మెడలో ఉన్న వాటి జోలికి మేం వెళ్లం" అన్నారు. ఆ మాటకు నేను ఆయనకు కృతజ్ఞురాలిని. వంట పాత్రలు, పరుపులు కూడా ఆయనే వదిలేశారు. సిలిండర్లు కంపెనీవి, మనం డిపాజిట్ కట్టి వాడుకుంటున్నాం అంతే అని బాబాయి గారు చెబితే ఒప్పుకున్నారు. స్టవ్ మీద అమ్మ పెట్టిన పాలు పొంగుతుంటే దాన్నీ వదిలేశారు.

టీవీ, మోపెడ్, బీరువా ఆటో ఎక్కాయి. వాటికి చట్టంలో రక్షణ లేదు, మేము అడ్డుపడలేదు. కోర్టు వారంటుతో వచ్చిన ఉద్యోగిని ఒంటితో అడ్డుకోవడం నేరం. ఆవేశంలో ఎవరైనా చేయి వేస్తే అప్పు కేసు కాస్తా పోలీసు కేసవుతుంది. బాబాయి గారు నా తమ్ముణ్ణి అందుకే లోపలికి పంపేశారు.

ఫ్రిజ్, లాప్‌టాప్ నావి. నా పేరున బిల్లులున్నాయి, ఫ్రిజ్ వాయిదాలు నా బ్యాంకు ఖాతా నుంచి కట్టాను. డిక్రీ నాన్న ఒక్కరి మీద. సంపాదించే కూతురి వస్తువులు తండ్రి ఆస్తి కావు. ఫోనులో బిల్లులు చూపిస్తే అమీనా లాప్‌టాప్ వదిలేసి, ఫ్రిజ్‌ను మాత్రం జాబితాలో రాసి, "క్లెయిమ్ పిటిషన్ వేసుకోండి" అన్నారు. ఇది సరైన దారే. అదే కోడ్‌లోని ఆర్డర్ 21 రూల్ 58 కింద, జప్తయిన వస్తువు నాది అని చెప్పుకునే హక్కు మూడో మనిషికి ఉంటుంది. అయితే వేలం జరిగిపోయాక వేస్తే కోర్టు ఆ పిటిషన్ తీసుకోదు. వెంటనే వేయాలి.

చివరకు మగ్గం. గుంట మగ్గాన్ని నేలలోంచి పీకి ఆటో ఎక్కించడం అయ్యే పని కాదు. కూలీలు జకార్డ్ పెట్టె, అంటే మగ్గం పైన ఉండి డిజైను కోసం దారాలను ఎత్తే పరికరం, విప్పడానికి పైకెక్కారు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. జకార్డ్ విప్పితే దారాలన్నీ జారిపోతాయి, పడుగు మళ్లీ అతకాలి. నాన్న అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడు మాత్రం, "బాబూ, ఆ పడుగు నాది కాదు. మాస్టర్ వీవర్‌ది. నాకు మజూరీ మాత్రమే" అన్నారు. కూలీలు ఆగిపోయారు. వాళ్లలో ఒకతను నేత ఇంటివాడే అనుకుంటాను, దారాలకు తగలకుండా జాగ్రత్తగా కిందికి దిగాడు.

మోయడానికి వీలులేని వస్తువును జప్తు రాసి, అక్కడే ఒకరి సంరక్షణలో ఉంచే వీలు చట్టంలో ఉంది. అమీనా అలాగే చేశారు. మగ్గం కర్రకు చీటీ అంటించి, కోర్టు చెప్పేదాకా దీన్ని ఆడించవద్దన్నారు. నెలంతా కూర్చుంటే వచ్చే మజూరీ ఆ చీటీతో ఆగిపోయింది.

ఈ గందరగోళంలోనే ఇంకొకటి జరిగింది. అమీనాతో వచ్చిన సహాయకుడు నన్ను పక్కకు పిలిచాడు. ఆటో బాడుగ, కూలీలు, ఇతర ఖర్చులు కలిపి 6,000 ఇస్తే ఈ రోజుకు ‘డోర్ లాక్’ అని రాసి వెళ్లిపోతామన్నాడు. ఆ డబ్బు నా పర్సులో ఉంది. తీయబోతుంటే బాబాయి గారు, "రసీదు ఇస్తారా అని అడుగు" అన్నారు. అడిగాను. అతను ఇంకేమీ మాట్లాడకుండా ఆటో దగ్గరకు వెళ్లిపోయాడు.

జప్తుకు వచ్చే సిబ్బంది బత్తాను డిక్రీదారు ముందుగానే కోర్టులో కడతాడు. రవాణా ఖర్చు కూడా అతనే పెట్టుకోవాలి. ఆ ఖర్చుల్లో ఎంత అప్పుదారు మీద పడాలో కోర్టు నిర్ణయించి ఉత్తర్వులో రాస్తుంది. గుమ్మంలో నిలబడి మనం చేతిలో పెట్టాల్సిన రుసుము ఏదీ లేదు. ఆ డబ్బు ఇచ్చి ఉంటే బాకీలోంచి ఒక్క రూపాయి తగ్గేది కాదు, వచ్చే నెల మళ్లీ అదే ఆటో వచ్చేది. ఎందరు ఇచ్చి ఉంటారో తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు రగులుతుంది. భయంతో ఉన్న మనిషి దగ్గర లంచం తీసుకోవడం అన్నిటికంటే సులువు.

మరుసటి రోజు కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లాం. తెల్ల కాగితం మీద అర్జీ, ఆధార్, రేషన్ కార్డు. నాన్న ఆదాయం పరిమితికి లోపే ఉంది కాబట్టి ఉచితంగా ప్యానెల్ లాయరును ఇచ్చారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండానే ఈ సాయం అందుతుంది. 1987 నాటి చట్టం అది. ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు 15100కు ఫోన్ చేయవచ్చు. ప్యానెల్ లాయర్లు సరిగా పట్టించుకోరని మాకు చాలామంది చెప్పారు. మాకు వచ్చిన లాయరమ్మ గారు ఫైలు మొత్తం నకలు తీయించి, ప్రతి కాగితం మాతోపాటు కూర్చుని చదివారు.

నకళ్లు చేతికొచ్చాక నా పని మొదలైంది. రోజూ లెక్కలు చూసే కన్నుతో ఇ.పి.లో, అంటే డిక్రీ అమలు పిటిషన్‌లో, రాసిన మొత్తం చూశాను. డిక్రీలో ఉన్నది 2,55,000 రూపాయలు. అసలు 1,50,000, దావా వేసే నాటికి వడ్డీ 1,05,000. మేము కట్టిన వడ్డీలో ఒక్క రూపాయి తీసివేయలేదు. సరే, అది డిక్రీ సంగతి. డిక్రీ ప్రకారం దావా వేసిన రోజు నుంచి తీర్పు దాకా నూటికి ఏడాదికి 12, తీర్పు తరువాత 6 చొప్పున, అదీ అసలు 1,50,000 మీద మాత్రమే వడ్డీ. అంటే మొదటి ఏడాదికి 18,000, రెండో ఏడాదికి 9,000. మొత్తం 27,000. ఇ.పి.లో మాత్రం రెండేళ్లకూ 24 చొప్పున, అదీ 2,55,000 మీద కట్టారు. 1,22,400. వడ్డీ మీద వడ్డీ, డిక్రీలో లేని రేటుతో. ఖర్చులు కాకుండానే 95,400 రూపాయలు ఎక్కువ.

ఆ లెక్క ఒక కాగితం మీద రెండు గడులుగా రాసి లాయరమ్మ గారికి ఇచ్చాను. ఆమె దాన్ని యథాతథంగా పిటిషన్‌కు జతపరిచారు. ఇ.పి. దాఖలైన ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు డిక్రీ నకలు పక్కన పెట్టుకుని ఈ కూడిక చేసి చూడాలి. పదో తరగతి లెక్కలు వస్తే చాలు. తీర్పు తరువాతి కాలానికి సాధారణ అప్పు మీద 6 శాతానికి మించి వడ్డీ ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షన్ చెబుతోంది. వ్యాపార లావాదేవీలకు వేరే లెక్క ఉంటుంది.

మేము ముందు కట్టిన వడ్డీ సంగతి అడిగితే ఆమె నిజం చెప్పారు. అమలు చేసే కోర్టు డిక్రీని దాటి వెనక్కు చూడదు. తీర్పుకు ముందు కట్టినవి లెక్కలోకి రావాలంటే ఆ ఎక్స్‌పార్టీ డిక్రీనే రద్దు చేయించాలి. సమన్లు సరిగా అందనప్పుడు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో పిటిషన్ వేయాలి. మాకు తెలిసింది ఆటో వచ్చిన రోజు, కాబట్టి గడువు ఉంది.

అన్నీ ఒకేసారి దాఖలయ్యాయి. మగ్గం చేతివృత్తి పనిముట్టు కాబట్టి విడుదల చేయాలని నాన్న పిటిషన్. ఫ్రిజ్ నాదని నా క్లెయిమ్. పడుగు, నూలు తనవని మాస్టర్ వీవర్ అఫిడవిట్. ఆయన సంతకం చేయడానికి మొదట వెనకాడారు, కోర్టు గొడవల్లో తన పేరెందుకని. పడుగు పుస్తకంలో నాన్న పేరు ఎదురుగా రాసిన తేదీ, బరువు చూపించాక ఒప్పుకున్నారు. డిక్రీ రద్దుకు వేరే పిటిషన్, అమలు ఆపమని స్టే పిటిషన్. ఇల్లు 2020లోనే మారామని చూపడానికి గ్యాస్ కనెక్షన్ చిరునామా మార్పు, కరెంటు బిల్లులు జతచేశాం.

ముందుగా మగ్గం సంగతి వచ్చింది. ఎదుటి లాయరు వాదన ఏమిటంటే, జకార్డ్ పెట్టె యంత్రం, పనిముట్టు కాదు. పైగా మగ్గం మీద వ్యాపారం చేస్తున్నారు. జడ్జి గారు నాన్ననే పిలిచి అడిగారు. మగ్గాలెన్ని? ఒకటి. కూలికి ఎవరైనా నేస్తారా? లేదు, నేనే. నూలు ఎవరిది? మాస్టర్ వీవర్‌ది. మీకేమొస్తుంది? మజూరీ. ఆ నాలుగు ప్రశ్నలతో మా మగ్గానికి విడుదల ఉత్తర్వు వచ్చింది. స్వయంగా చేత్తో పని చేసుకునేవాడి పనిముట్లకే ఈ రక్షణ అని ఆ ప్రశ్నలను బట్టి నాకు అర్థమైంది. పది మగ్గాలు పెట్టి పదిమందితో నేయించే వ్యాపారికి ఇదే జవాబు వచ్చేది కాదేమో. మంగళగిరిలో, చీరాలలో, వెంకటగిరిలో, ఉప్పాడలో, పోచంపల్లిలో ఇంట్లో ఒక్క మగ్గంతో బతికే ప్రతి కుటుంబానికీ ఈ సంగతి తెలియాలి. దర్జీ పనివారికి, వడ్రంగులకు, కంసాలులకు కూడా.

ఈలోగా షావుకారు మనుషులు బజారులో నాన్నను ఆపి, సివిల్ జైలుకు పంపిస్తామన్నారు. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. డబ్బు డిక్రీకి అరెస్టు కోరే వీలు చట్టంలో ఉంది. కానీ ముందు కారణం చెప్పమని నోటీసు ఇచ్చి విచారించడమే సాధారణ పద్ధతి. కట్టే స్తోమత ఉండి ఎగవేస్తున్నాడని తేలాలి. లేనివాడిని లేదన్న కారణానికే జైలుకు పంపకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్త్రీలను డబ్బు డిక్రీ కింద అరెస్టు చేయడానికే వీల్లేదు. లాయరమ్మ గారు ఇదంతా ఫోన్ చేసి నేరుగా నాన్నకే చెప్పారు.

2024 మొదట్లో డిక్రీ రద్దయింది. 50,000 రూపాయలు కోర్టులో జమ చేయాలన్న షరతు పెట్టారు. నా పొదుపులోంచి కట్టాను. డిక్రీ రద్దయితే దాని కింద చేసిన జప్తు కూడా దానంతట అదే తొలగిపోతుంది. మోపెడ్, టీవీ, బీరువా తెచ్చుకోవడానికి వెళితే, వాటిని సంరక్షణలో ఉంచుకున్న వ్యక్తి గోదాము అద్దె అడిగాడు. నెలకు ఇంత అని ఒక చీటీ మీద రాసి చూపించాడు. ఆ అద్దె మేము కట్టాలని కోర్టు ఉత్తర్వు ఉంటే చూపించమన్నాను. లేదు. లాయరమ్మ గారు ఒక లేఖ రాశారు, సామాను వచ్చింది. మోపెడ్ టైర్లు రెండూ పాడైపోయాయి, ఆ నష్టం మేమే భరించాం.

దావా మళ్లీ మొదటికి వచ్చింది. నేను పంపిన వడ్డీకి బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది, 36,000 రూపాయలు. చేతికిచ్చిన వాటికి నోటు వెనుక చెల్లు రాయలేదు, కాబట్టి సాక్ష్యం లేదు. షావుకారు తరఫువారికి ఆ స్టేట్‌మెంట్ చూశాక పట్టు సడలింది. లోక్ అదాలత్‌లో కూర్చున్నాం. అక్కడ రాజీ కుదిరితే వాది కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, అది వాళ్లకూ లాభమే. 1,80,000కు తేలింది. జమ చేసిన 50,000 పోగా మిగిలింది నెలకు 10,000 చొప్పున. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడి రాజీ ఉత్తర్వు, డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే సంతకానికి ముందు ప్రతి పంక్తి చదివించుకున్నాం. వాయిదాలు బ్యాంకు ఖాతాకే పంపాలని, చివరి వాయిదా అందగానే నోటుతోపాటు ఆ స్టాంపు పేపరు కూడా చెల్లు రాసి ఇవ్వాలని మా కోరిక మేరకు చేర్చారు.

బ్యాంకు ఖాతాకే అని పట్టుబట్టడానికి కారణముంది. డిక్రీ అయిన తరువాత కోర్టు బయట కట్టిన డబ్బును కోర్టులో నమోదు చేయించకపోతే అమలు కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. డిక్రీదారు తానే నమోదు చేయించకపోతే అప్పుదారు 30 రోజుల్లో అర్జీ పెట్టుకోవాలి. మా వీధిలో ఒకాయన డిక్రీ బాకీ చేతికి చేతికి రెండేళ్లపాటు కట్టాడు. ఆ తరువాత మొత్తం బాకీకి మళ్లీ ఇ.పి. వచ్చింది. ఆయన దగ్గర ఉన్నవి షావుకారు కొట్టు డైరీలోని గీతలు మాత్రమే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. మా సంగతి తెలిశాక చాలామంది నా దగ్గరకు వచ్చి మైక్రో ఫైనాన్సు వాళ్ల గురించి, వాహనాల రికవరీ ఏజెంట్ల గురించి అడుగుతున్నారు. వాళ్లు అమీనాలు కారు. కోర్టు వారంటు లేకుండా ఇంట్లోకి వచ్చి టీవీనో కుక్కర్‌నో ఎత్తుకుపోయే అధికారం ఏ ఏజెంటుకూ లేదు. మైక్రో ఫైనాన్సు అప్పులకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరువాత ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. అమీనాకు సైతం సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఇంట్లోకి ప్రవేశించే అధికారం లేదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 62వ సెక్షన్‌లో ఉంది. వచ్చినవాళ్లు ఎవరైనా సరే, ముందు కాగితం చూపించమని అడగండి. దాన్ని ఫొటో తీసుకోండి.

చివరి వాయిదా 2025లో కట్టాం. పంపిన ప్రతి వాయిదా వివరాలతో లాయరమ్మ గారు కోర్టులో మెమో వేశారు. దాని సర్టిఫైడ్ నకలు తీసుకున్నాం. షావుకారు నోటు వెనుక పూర్తి చెల్లు అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చారు. స్టాంపు పేపరు కనిపించడం లేదన్నారు. అవార్డులోని షరతు చూపించి, అది దొరికేదాకా మేము లేవబోమని నాన్న కుర్చీలో కూర్చున్నారు. కొంతసేపటికి లోపలి నుంచి తెచ్చారు. దాని మీద కూడా చెల్లు రాయించుకుని ఇంటికి వచ్చాం.